ఊసరవెల్లికి గాజు పెట్టె పెడితే చచ్చిపోతుందా?

ఊసరవెల్లిని పెంచుకునే మనవాళ్ల మధ్య ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది, ఈ నెలలో నాకే నలుగురు పంపారు. అందులో ఉన్నది ఇదీ: ఊసరవెల్లికి నాలుగు వైపులా మెష్ (సన్నటి జాలీ) ఉన్న కేజ్ తప్ప ఇంకోటి పనికిరాదు, గాజు పెట్టెలో పెడితే గాలి ఆడక ఊపిరితిత్తులు పాడైపోతాయి, అద్దంలో తన బొమ్మ చూసుకుని బెదిరి చస్తుంది, లేదంటే వేడికి ఉడికిపోతుంది, మెష్ కేజ్ కొంటే మాత్రం ఏ ఊళ్లో ఉన్నా టెన్షన్ లేదు. రాసినవాళ్లు మంచి మనసుతోనే రాశారు, అందులో అనుమానం లేదు. కానీ ఈ మాటే నమ్మి నేను ఒక ప్రాణిని దాదాపు చంపుకున్నంత పని చేశాను. అందుకే ఒక్కో మాటా పట్టుకుని జవాబు చెబుతున్నాను.

ముందు ఆ చివరి మాట సంగతి చూద్దాం, నన్ను ముంచింది అదే.

"మెష్ కేజ్ అయితే ఏ ఊళ్లో ఉన్నా సరే."

మేముండేది షికాగో దగ్గర. నాలుగేళ్ల కిందట ఒక వేల్డ్ ఊసరవెల్లి పిల్లను తెచ్చుకున్నాం. యెమెన్‌లోనూ సౌదీ నైరుతి మూలనూ ఉండే జాతి అది, నెత్తిన కిరీటంలా ఎత్తుగా ఉంటుంది. అడవిలో పట్టింది కాదు, పెంపకందారు దగ్గర పుట్టిందే. పిల్లలు చింటూ అని పేరు పెట్టారు. అందరూ చెప్పినట్టే పెద్ద మెష్ కేజ్ కొన్నాం, అక్టోబరు దాకా హాయిగా ఉంది. ఇంట్లో హీటర్ మొదలయ్యాక కథ మారింది. పొద్దున్నే ఆకులన్నీ తడిసేలా నీళ్లు చల్లితే నేను కాఫీ తాగి వచ్చేసరికి పొడిగా ఉండేవి. డిసెంబరులో ఒకరోజు చూస్తే చింటూ కళ్లు లోపలికి పీక్కుపోయి ఉన్నాయి, రెట్టలో తెల్లగా ఉండాల్సిన ముక్క నారింజ రంగుకు తిరిగింది. ఆ తెల్ల ముక్కే దాని మూత్రం, అది ముదురు నారింజకు వచ్చిందంటే ఒంట్లో నీళ్లు లేవనే. డాక్టరు దగ్గరికి పరిగెత్తితే ఆవిడ మొదట అడిగింది కేజ్ గురించి కాదు, "మీ గదిలో తేమ ఎంత?" అని. అప్పటిదాకా నేను కొలవనే లేదు. ఇంటికొచ్చి తేమ కొలిచే మీటర్ పెడితే 20 శాతం.

మెష్ చేసే పని ఒక్కటే, లోపలి గాలిని గది గాలితో కలిపేయడం. అంటే మీ గది ఎలా ఉంటే కేజ్ అలా ఉంటుంది, మీరు ఎంత నీళ్లు చల్లినా సరే. గది గాలి ఆ ప్రాణికి సరిపోయేదైతే మెష్‌ను మించింది లేదు. ఫ్లోరిడాలో వేల్డ్ ఊసరవెల్లులు ఇళ్లలోంచి బయటపడి చెట్ల మీదే కాపురం పెట్టేశాయి. హవాయిలో 1972లో వచ్చిన జాక్సన్స్ ఊసరవెల్లులు ఇప్పటికీ అక్కడ పెరుగుతూనే ఉన్నాయి. అలాంటి చోట్ల మెష్ పెట్టండి, నేనే పెట్టమంటాను. హీటర్ ఆరు నెలలు ఆడే ఇంట్లో మాత్రం అదే మెష్ ఆ ప్రాణి ఒంట్లో నీళ్లు పీల్చేస్తుంది. మేము చేసింది చిన్న పనే: మూడు వైపులా బయటినుంచి పారదర్శకమైన ప్లాస్టిక్ షీటు బిగించి, ముందు వైపూ పైభాగమూ వదిలేశాం. పగలు తేమ 50 దాకా నిలిచింది, వారం తిరిగేసరికి రెట్ట తెల్లబడింది. ఆ రోజు నేను ఆ తెల్ల ముక్కను చూసి ఎంత సంతోషపడ్డానో ఇంట్లోవాళ్లకే తెలుసు.

"గాజు పెట్టెలో గాలి ఆడదు."

చేపల ట్యాంకు అయితే నిజం. పైన తప్ప ఎక్కడా దారి లేదు, అడుగున గాలి మురిగిపోతుంది, దయచేసి అందులో పెట్టకండి. కానీ సరీసృపాల కోసం చేసిన గాజు టెర్రేరియం వేరు. తలుపు కింద సన్నటి జాలీ పట్టీ ఉంటుంది, పైకప్పు మెష్ ఉంటుంది. పైన వేడినిచ్చే కరెంటు దీపం వెలిగితే వేడెక్కిన గాలి పైకి పోతుంది, దాని చోటులోకి కింది జాలీలోంచి చల్లగాలి వస్తుంది, పొగగొట్టం పని చేసేది కూడా ఇలాగే. నమ్మకం లేకపోతే ఖాళీ పెట్టెలో (లోపల ప్రాణి ఉండగా వద్దు) దీపం వేసి కింది జాలీ దగ్గర ఒక అగరుబత్తి పట్టుకోండి, పొగ లోపలికి వెళ్లి పైకి పోవడం కళ్లారా చూడొచ్చు. జర్మనీలో పెంపకందార్లు ఇలాంటి పెట్టెల్లో దశాబ్దాలుగా పెంచుతున్నారు.

ఊపిరితిత్తుల జబ్బు సంగతి అబద్ధమని నేననడం లేదు. వేడి, చెమ్మ, కదలని గాలి, ఈ మూడూ రోజంతా కలిసి ఉన్నప్పుడు అది వస్తుంది. పగలు ఆకులు ఆరాలి. రాత్రి చల్లబడ్డాక తేమ 80 దాటినా ఫర్వాలేదు, కొండల మీద మంచు పట్టేదీ ఆ వేళల్లోనే కదా. పగలూ రాత్రీ ఆగకుండా ఫాగర్ (మంచులా నీటి ఆవిరి చిమ్మే యంత్రం) నడిపేవాళ్ల దగ్గర జబ్బు పడితే తప్పు గాజుది కాదు.

"అద్దంలో తన బొమ్మ చూసుకుని చచ్చిపోతుంది."

ఇది సగం నిజం. లోపల దీపం వెలుగు, బయట గది చీకటి అయితే గాజు అద్దంలా మారుతుంది. కొన్ని మగవి నిజంగానే ఇంకో మగది వచ్చిందనుకుని ఒళ్లు పలచగా చేసి, గొంతు ఉబ్బించి, చారలు ముదురు చేసుకుంటాయి. రోజూ అలా అయితే తిండి మానేస్తుంది. పక్కలకు ఆకుల గుబురు పెంచి, వెనక వైపు మూసేస్తే చాలావాటికి ఆ బాధ తీరుతుంది. అయితే మెష్ కేజ్‌లోనూ బెదురు ఉందని ఎవరూ చెప్పరేం? నాలుగు వైపులా కనిపించే కేజ్‌ను హాల్లో నేల మీద పెడితే, వచ్చేపోయే ప్రతి మనిషీ దానికి పైనుంచి మీద పడబోయే జంతువే. మన కళ్ల కన్నా ఎత్తున కొమ్మ దొరికితేనే అది నెమ్మదిస్తుంది. అందుకే కేజ్‌ను ఎత్తైన బల్ల మీద పెట్టి, ఒక వైపు గోడకు ఆనించండి.

"గాజులో ఉడికిపోతుంది."

కిటికీ ఎండలో పెడితే ఉడుకుతుంది, అందులో వాదన లేదు. పైగా ఆ ఎండతో లాభమూ లేదు, మామూలు గాజు యూవీబీని (ఎముకల బలానికి దానికి కావాల్సిన ఎండ కిరణాలను) దాదాపు మొత్తం ఆపేస్తుంది. దీపం విషయానికొస్తే పెట్టె ఏదైనా కొమ్మ దగ్గర కొలవాల్సిందే, పెద్ద వేల్డ్‌కు 29, 30 సెల్సియస్ డిగ్రీలు చాలు. మెష్ పైకప్పు పట్టుకుని దీపం కిందే వేలాడి నెత్తి కాల్చుకున్న ఊసరవెల్లులు ఉన్నాయి.

ఆ మెసేజ్ ఒక్క ముక్క కూడా రాయనిది సైజు గురించి. పెద్ద వేల్డ్‌కైనా, మడగాస్కర్ పాంథర్ ఊసరవెల్లికైనా కనీసం రెండడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు కావాలి. అడుగున్నర పెట్టె మెష్‌దైనా గాజుదైనా ఒకటే, చాలదు. దీనికి ఉల్టాగా, కెన్యా, టాంజానియాల్లో ఎండుటాకులా కనిపించే చిట్టి ఊసరవెల్లులున్నాయి, బొటనవేలంతే ఉంటాయి, వాటికి చెమ్మ నిలిచే గాజు పెట్టే సరైనది. ఆ మెసేజ్ నమ్మి వాటిని మెష్‌లో పెడితే ఎండిపోతాయి.

కాబట్టి కొనేముందు ఒక చవక మీటర్ తెచ్చి, ఆ గదిలో వారం రోజులు పొద్దునా రాత్రీ రాసుకోండి. తేమ 40 కన్నా కిందే ఉంటే గాజో, మూడు వైపులా మూసిన మెష్షో. 50 దాటి నిలిస్తే మామూలు మెష్.

ఇక ఆంధ్రాలో, తెలంగాణలో ఉండి ఇది చదువుతున్నవాళ్లకు ఒక్క మాట. మన చేల గట్ల మీద ఊగుతూ నడిచే ఊసరవెల్లి 1972 నాటి వన్యప్రాణి చట్టం కింద రక్షణ ఉన్న ప్రాణి, పట్టుకోవడమే నేరం, దానికి సరైన పెట్టె అంటూ లేదు. రోడ్డు మీద కనిపిస్తే బండి ఆపి, అది ఎటు వెళ్తుంటే అటు పక్క చెట్టు దాకా దాటించండి చాలు.