దేవుణ్ణి 'ఆయన' అంటున్నది ఎవరు?

వేదంలో ఆకాశం తండ్రి, భూమి తల్లి. ప్రాచీన ఈజిప్టులో సరిగ్గా తలకిందులు. అక్కడ ఆకాశం నూట్ అనే దేవత. ఒళ్లంతా చుక్కలతో, కింద పడుకున్న భూదేవుడు గెబ్ మీద విల్లులా వంగి ఉంటుంది. సాయంత్రం సూర్యుణ్ణి మింగి, తెల్లారేసరికి మళ్లీ కంటుంది. నేల అంటే తల్లేనన్నది ప్రకృతి చెప్పిన మాట కాదన్నమాట, మనం అనుకున్నదే.

'ఆఫ్రికా మతం' అని ఒక్క ముక్కలో తేల్చేస్తుంటారు గానీ, అక్కడ ఎన్ని జాతులో అన్ని దారులు. నేటి బెనిన్‌లోని ఫాన్ ప్రజలకు సృష్టికర్త మావు-లిసా. మావు స్త్రీ, చంద్రుడి వైపు. లిసా పురుషుడు, సూర్యుడి వైపు. అర్ధనారీశ్వరుణ్ణి ఎరిగిన మనకు ఇదేం వింత కాదు. నైజీరియాలోని యోరుబాలది మరో పద్ధతి. నదీదేవత ఒషున్, ఉరుముల దేవుడు షాంగో ఉన్నా, అందరికీ పైనున్న ఒలొడుమారేకి మాత్రం లింగం లేదు. అసలు యోరుబా భాషలోనే ఆయన, ఆమె అనే తేడా లేదు.

అరబీకి ఆ వెసులుబాటు లేదు. నపుంసక లింగం లేని భాష అది. సూర్యుడు స్త్రీలింగం, చంద్రుడు పుంలింగం, అల్లాహ్‌కు 'హువ', అంటే 'ఆయన'. దీన్ని పట్టుకుని ఇస్లాం దేవుడు మగవాడని వాదించడం తొందరపాటే. ఇస్లాంకు ముందు అరబ్బులు కొలిచిన అల్లాత్, ఉజ్జా, మనాత్ దేవతలను ఖురాన్ 53వ అధ్యాయం తోసిపుచ్చిన మాట నిజం. అయితే 112వ అధ్యాయం దేవుడు ఎవరినీ కనలేదని కూడా అంటుంది. తండ్రి అనే పిలుపుకూ అక్కడ చోటు లేదు.

నన్ను ఎక్కువగా ఆకట్టుకునేది బిస్మిల్లాలో, అంటే దేవుడి పేరుతో మొదలుపెట్టే వాక్యంలో, ఉన్న రెండు పేర్లు, రహ్మాన్, రహీమ్. రెండూ దయగలవాడనే అర్థం ఇచ్చేవే. తల్లి గర్భాన్ని అరబీలో 'రహిమ్' అంటారు. మూడింటికీ ధాతువు ఒక్కటే. గర్భానికి ఆ పేరు తన పేరు నుంచే పెట్టానని దేవుడు అన్నట్టు హదీసు, అంటే ప్రవక్త చెప్పినట్టుగా వచ్చిన మాట, ఉంది. స్పెయిన్‌లో 1165లో పుట్టిన సూఫీ ఇబ్న్ అరబీ ఇంకా ముందుకెళ్లి, దైవదర్శనం స్త్రీలోనే అత్యంత సంపూర్ణమన్నాడు. ఆయన మాటలు చాలామంది పండితులకు మింగుడుపడలేదు.

అలాగని ఇస్లాంలో దేవత దాగి ఉందనడం అతి. ఒషున్‌కు గుడి ఉంది, పూజ ఉంది, నైజీరియాలోని ఒషోగ్బో ఊళ్లో ఏటా ఉత్సవం ఉంది. రహ్మత్, అంటే దయ, దేవుడి గుణం, అంతే.

యోరుబాల్లో ముస్లింలు కోటికి పైనే ఉన్నారు. నమాజులో 'హువ' అన్న నోటితోనే, ఇంటికొచ్చి సొంత భాషలో అల్లాహ్ గురించి మాట్లాడేటప్పుడు ఆయనా కాని, ఆమే కాని ఆ ఒక్క మాటే వాడతారు.