సల్ఫేట్ కనిపిస్తే ఫేస్‌వాష్ పారేయాలా? వాట్సాప్ మెసేజ్‌కి జవాబు

ఫేస్‌వాష్‌ల గురించి వాట్సాప్‌లో ఒక మెసేజ్ రకరకాల రూపాల్లో తిరుగుతూనే ఉంది. సారాంశం ఇది. సీసా వెనక సల్ఫేట్, పారాబెన్, ఆల్కహాల్ అన్న మూడు మాటల్లో ఏది కనిపించినా కొనకూడదట. సల్ఫేట్‌తో క్యాన్సర్ వస్తుందట. ముఖానికి రాసినదాంట్లో 60 శాతం నిమిషం తిరిగేలోపు రక్తంలో కలుస్తుందట. నురగ ఎక్కువొస్తే కెమికల్ ఎక్కువున్నట్టట. నోరు తిరగని పేరున్నదేదీ మంచిది కాదట. ట్యూబ్ అడుగున నల్ల గీత ఉంటే అంతా రసాయనమట, పచ్చ గీత ఉంటే సహజమట. ఇవన్నీ మానేసి శనగపిండిలో నిమ్మరసం, చిటికెడు వంటసోడా కలిపి రోజూ రుద్దుకోమని చివర్లో సలహా.

ఆ చివరి సలహా వల్లే ఇంత వివరంగా రాస్తున్నాను. మిగతావి నమ్మితే చాలావరకు పోయేది కాస్త డబ్బు. అది నమ్మితే ముఖం పాడవుతుంది.

ముందు సల్ఫేట్ సంగతి. ఫేస్‌వాష్‌లో జిడ్డు వదిలించడానికి వేసే సోడియం లారిల్ సల్ఫేట్, పొట్టిగా ఎస్‌ఎల్‌ఎస్, కొబ్బరి నూనె నుంచో పామ్ గింజల నూనె నుంచో తీసిన కొవ్వు ఆల్కహాల్‌తో తయారవుతుంది. దీనివల్ల క్యాన్సర్ అన్న పుకారు 1990ల చివర్లో ఇంగ్లిష్ ఈమెయిళ్లలో షాంపూల పేరు మీద పుట్టింది. అమెరికన్ క్యాన్సర్ సొసైటీ దాన్ని ఖండించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ ఐఏఆర్‌సీ ప్రకటించిన క్యాన్సర్ కారకాల్లో ఎస్‌ఎల్‌ఎస్ లేదు.

పుకారులో నిజం పాలు కొంచెం ఉంది, అదీ చెప్పాలి. ఎస్‌ఎల్‌ఎస్ కంటే మెత్తనిది కావాలంటే ఆ కొవ్వు ఆల్కహాల్‌నే ముందు ఇంకో రసాయన చర్యకు గురిచేస్తారు, అప్పుడు సోడియం లారెత్ సల్ఫేట్, అంటే ఎస్‌ఎల్‌ఈఎస్ వస్తుంది. ఆ చర్యలో 1,4-డయాక్సేన్ అనేది అతి కొద్దిగా మిగలొచ్చు. దాన్ని మనుషులకు క్యాన్సర్ తెచ్చే అవకాశమున్న పదార్థంగా ఐఏఆర్‌సీ వర్గీకరించింది. ఫ్యాక్టరీలో దాన్ని తీసేసే పద్ధతులున్నాయి. న్యూయార్క్ రాష్ట్రం 2023 చివరి నుంచి ఒళ్లు, జుట్టు కడుక్కునే ఉత్పత్తుల్లో పది లక్షల పాళ్లకు 1 పాలు మించకూడదని చట్టం చేసింది. అంటే అడగాల్సింది తయారీదారు దాన్ని సరిగ్గా తీసేశాడా లేదా అని. సల్ఫేట్ అన్న మాట కనిపించగానే సీసా పారేస్తే ఆ ప్రశ్నకు జవాబు దొరకదు.

ఎస్‌ఎల్‌ఎస్‌తో అసలు ఇబ్బంది వేరే ఉంది. అది చర్మాన్ని మంటపెడుతుంది, పొడిబారుస్తుంది. చర్మం ఎంత సున్నితమో పరీక్షించడానికి పరిశోధకులు కావాలనే దీన్ని పట్టీ కింద పెట్టి గంటలకొద్దీ ఉంచుతారు. కానీ ఫేస్‌వాష్ ముఖం మీద ఉండేది నిమిషంలోపే. పైగా సీసాలో అది ఒంటరిగా ఉండదు. పక్కన కోకామిడోప్రొపైల్ బీటైన్ లాంటి ఇంకో మెత్తని జిడ్డు వదిలించే పదార్థం కలిపితే ఆ అణువులన్నీ గుంపులు కట్టుకుంటాయి, విడివిడిగా చర్మంలోకి చొరబడేవి తగ్గిపోతాయి. అందుకే రెండు ఫేస్‌వాష్‌ల మీద ఒకే సల్ఫేట్ పేరున్నా ఒకటి ముఖాన్ని ఎండగడుతుంది, ఇంకోటి హాయిగా ఉంటుంది.

దీనికి సెటాఫిల్ క్లెన్సర్‌ని మించిన ఉదాహరణ నాకు కనపడలేదు. 1947లో అమెరికాలో పుట్టిన ఈ క్లెన్సర్‌ని సున్నితమైన చర్మం వాళ్లకు చర్మవైద్యులు దశాబ్దాల పాటు రాశారు, మన ఊళ్లలో కూడా. కొన్నేళ్ల కిందటి వరకు దాని లేబుల్ మీద ఉన్నవి ఎనిమిదే: నీళ్లు, సిటైల్ ఆల్కహాల్, ప్రొపిలిన్ గ్లైకాల్, ఎస్‌ఎల్‌ఎస్, స్టియరైల్ ఆల్కహాల్, ఆ తర్వాత సరుకు పాడవకుండా వేసే ప్రిజర్వేటివ్‌లైన పారాబెన్‌లు మూడు రకాలు. మెసేజ్ వద్దన్న మూడూ ఆ ఒక్క సీసాలోనే ఉన్నాయి. తర్వాత కంపెనీ ఫార్ములా మార్చింది. కానీ ఎగ్జిమా ఉన్నవాళ్లు కూడా అన్నేళ్లు వాడుకుంది ఆ పాతదాన్నే. అందులో ఎస్‌ఎల్‌ఎస్ పాలు చాలా తక్కువ, చుట్టూ ఉన్నవి చర్మాన్ని మెత్తగా ఉంచేవి.

ఆల్కహాల్ విషయం ఇక్కడే తేలిపోతుంది. సిటైల్, స్టియరైల్, సిటియరైల్ ఆల్కహాల్‌లు మైనంలా గట్టిగా ఉండే కొవ్వు పదార్థాలు. చర్మాన్ని ఎండగట్టేది ఇథనాల్. లేబుల్ మీద అది ఉత్త ఆల్కహాల్ అనో, ఆల్కహాల్ డినాట్ అనో ఉంటుంది.

పారాబెన్‌ల భయానికి మూలం 2004లో బ్రిటన్‌లో వచ్చిన ఒక అధ్యయనం. 20 రొమ్ము కణితుల నమూనాల్లో పారాబెన్‌లు కనిపించాయి. ఆరోగ్యంగా ఉన్న కణజాలంతో పోల్చలేదు, అవి క్యాన్సర్ తెచ్చాయని రుజువూ చేయలేదు. కొన్ని పారాబెన్‌లకు ఆడ హార్మోన్ ఈస్ట్రోజెన్‌ని పోలిన బలహీనమైన గుణం ఉన్నమాట నిజం. అందుకే యూరప్‌లో ప్రొపైల్, బ్యుటైల్ పారాబెన్‌లను కలిపి 0.14 శాతానికి పరిమితం చేశారు, ఇంకో ఐదు రకాలను 2014లో నిషేధించారు. జాగ్రత్త అంటే అది. కానీ జనం భయపడేసరికి కంపెనీలు ఏం చేశాయో చూడండి. చాలా చోట్ల పారాబెన్ తీసేసి మిథైల్ ఐసోథయజోలినోన్ అనే ఇంకో ప్రిజర్వేటివ్ వేశాయి. దాంతో అలర్జీలు ఎంతగా పెరిగాయంటే అమెరికన్ కాంటాక్ట్ డెర్మటైటిస్ సొసైటీ 2013లో దాన్నే ఆ ఏటి అలర్జీ కారకంగా ప్రకటించింది. ఒంటికి రాసి వదిలేసే క్రీముల్లో దాన్ని యూరప్ 2017లో నిషేధించింది. అదే సొసైటీ 2019లో పారాబెన్‌లను ‘అలర్జీ కారకం కానిది’గా ఎంచింది. పారాబెన్ ఫ్రీ అన్న అక్షరాలు చూసి సీసా కొన్నవాళ్లలో ఎందరికో దద్దుర్లు వచ్చింది ఇలాగే. ఆ మాట కనిపిస్తే వెంటనే లేబుల్ చివరికి వెళ్లి, దాని బదులు ఏం వేశారో చూడండి.

60 శాతం రక్తంలోకి వెళ్తుందన్న లెక్కకు ఆధారం లేదు. ఒక్కో పదార్థం ఒక్కోలా ప్రవర్తిస్తుంది. అణువు ఎంత పెద్దది, కొవ్వులో కరుగుతుందా, ఎంతసేపు ఉంచారు, ఒంట్లో ఏ చోట రాశారు అన్నదాన్ని బట్టి లోపలికి వెళ్లేది మారుతుంది. రాసిందల్లా అంత సులువుగా లోపలికి పోయేదైతే షుగర్ ఉన్నవాళ్లు ఇన్సులిన్‌కి సూది పొడుచుకునే అవసరమే ఉండేది కాదు, చేతికి రాసుకుంటే సరిపోయేది.

నురగ గురించి మన తెలుగువాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. కుంకుడుకాయ రసం గిన్నెలో చిలికితే పొంగే నురగ ఏ షాంపూకీ తీసిపోదు. ఆ కాయలో సాపోనిన్లు ఉంటాయి, అవీ జిడ్డును నీళ్లలో కలిపి వదిలించే పదార్థాలే. అదే రసం కంట్లో పడితే ఎంత మండుతుందో తలంటు పోయించుకున్న ప్రతి పిల్లకీ తెలుసు. కాబట్టి నురగను బట్టి కెమికల్ అనీ చెప్పలేం, చెట్టు నుంచి వచ్చిందని మంటపెట్టదనీ చెప్పలేం.

పేర్ల సంగతి తేలిక. అజాడిరాక్టా ఇండికా అంటే వేప. టోకోఫెరాల్ అంటే విటమిన్ ఇ. సోడియం క్లోరైడ్ ఉప్పు, ఫేస్‌వాష్ చిక్కబడడానికి వేస్తారు. లేబుల్‌లో పేరు ఎంత కష్టంగా ఉందన్నది వదిలేసి అది ఎన్నో వరసలో ఉందో చూడండి. మన దేశపు నిబంధనల ప్రకారం 1 శాతం మించినవన్నీ ఎక్కువ నుంచి తక్కువకు వరసగా రాయాలి, 1 శాతం లోపువి ఆ తర్వాత ఏ వరసలోనైనా రాయొచ్చు. సీసా ముందు పెద్ద వేపాకు బొమ్మ ఉండి, వెనక వేప పేరు పరిమళానికి, ప్రిజర్వేటివ్‌కి పక్కన ఉందంటే అందులో ఉన్నది నామమాత్రం వేపే అనుకోవచ్చు. రెండు సీసాలు పోల్చేటప్పుడు నేను చూసేది మొదటి నాలుగైదు పేర్లు. నీళ్ల తర్వాత ఏ సర్ఫాక్టెంట్, అంటే జిడ్డు వదిలించే పదార్థం ఉంది, దానికి తోడుగా బీటైన్ ఉందా, గ్లిజరిన్ పైనే ఉందా అని. సోడియం కోకోయిల్ ఐసెథియోనేట్ లాంటి సర్ఫాక్టెంట్లు ముందుంటే పొడి చర్మానికి సాధారణంగా మెత్తగా ఉంటాయి. అయితే మెత్తనివి కూడా అందరికీ పడతాయని లేదు. బీటైన్‌ని 2004లో, గ్లూకోసైడ్‌లనే ఇంకో రకం మెత్తని సర్ఫాక్టెంట్లను 2017లో ఆ అమెరికా సొసైటీయే ఏటి అలర్జీ కారకాలుగా ఎంచింది.

ట్యూబ్ అడుగున రంగు గీత ప్యాకింగ్ మెషీన్ కోసం. లైట్ సెన్సార్ ఆ గుర్తును చూసి ట్యూబ్‌ని ఎటు తిప్పి ఎక్కడ అతికించాలో తెలుసుకుంటుంది. అంతకు మించి దానికి అర్థం లేదు.

ఇక శనగపిండి, నిమ్మరసం సంగతి. శనగపిండి ఒక్కటే అయితే నాకు పేచీ లేదు. మెత్తగా జల్లించి, గట్టిగా రుద్దకుండా వాడితే చాలామందికి పడుతుంది. నిమ్మరసం అలా కాదు. పీహెచ్ అంకె ఎంత తగ్గితే ఆమ్లం అంత ఎక్కువ; చర్మం పీహెచ్ సుమారు 5, నిమ్మరసం పీహెచ్ 2 దరిదాపుల్లో. అంతకంటే పెద్ద ముప్పు ఎండలో ఉంది. నిమ్మజాతి కాయల్లోని ఫ్యూరోకూమరిన్లనే పదార్థాలు చర్మం మీద ఉండగా ఎండ తగిలితే, ఒకటి రెండు రోజుల్లో ఎర్రబడి బొబ్బలు రావొచ్చు. తర్వాత ఆ చోట ముదురు మచ్చ పడుతుంది. మనలాంటి చామనఛాయ ఒంటి మీద అది వారాలు, నెలలు ఉండిపోతుంది. పొద్దున్నే ముఖానికి నిమ్మరసం రుద్దుకుని కాలేజీ బస్సు కోసం ఎండలో నిలబడే అమ్మాయికి ఈ మెసేజ్ ఇస్తున్న సలహా ఇదీ. ఆ మచ్చ పోవాలని ఆమె మందుల షాపులో ఎవరో చెప్పిన స్టెరాయిడ్ క్రీము కొంటే కథ ఇంకా ముదురుతుంది. ఫేస్‌వాష్‌లోని సల్ఫేట్ కంటే వెయ్యి రెట్లు భయపడాల్సింది డాక్టరు రాయని ఆ క్రీముకి.

ముఖం కడిగి తుడుచుకున్నాక చర్మం లాగినట్టు బిగుసుకుంటుంటే ఆ ఫేస్‌వాష్ మీకు పడట్లేదు, లేబుల్ మీద ఏమున్నా సరే. బోరు నీళ్ల ఊళ్లలో మామూలు సబ్బుతో కడిగితే ఆ బిగువు ఇంకా ఎక్కువగా ఉండొచ్చు. ఆ బోరు నీళ్లలోని కాల్షియంతో కలిసి సబ్బు తెల్లటి తెట్టుగా చర్మం మీద మిగిలిపోతుంది కాబట్టి. అక్కడ సబ్బు కాని క్లెన్సరే మేలు. దురద, దద్దుర్లు వచ్చి తగ్గకపోతే చర్మవైద్యుల దగ్గరికి వెళ్లేటప్పుడు వాడుతున్న సీసాలన్నీ అట్టపెట్టెలతో సహా పట్టుకెళ్లండి. ఏ పదార్థం మీకు పడట్లేదో ప్యాచ్ టెస్ట్ చేసి చూడడానికి వాళ్లకు ఆ లేబుల్ కావాలి.