మహారాజశ్రీ ట్రాలు వల గారికి

మరబోటు వెనక సముద్రపు అడుగును ఊడ్చే మహారాజశ్రీ ట్రాలు వల గారికి, నెల్లూరు జిల్లా మైపాడు తీరం నుంచి నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి. ఉభయ అంటే తమరూ నేనూ. ఆలివ్ రిడ్లే అనే సముద్రపు తాబేళ్ల సంగతి మాత్రం అడక్కండి.

సంక్రాంతి వెళ్లిన దగ్గర్నుంచీ ఇక్కడి ఇసుక మీద నడిస్తే తమరి పనితనం కనిపిస్తూనే ఉంది. నిన్న చూసిన చచ్చిన తాబేలుకు డిప్ప మీద గీత కూడా లేదు. మెడ ఉబ్బిపోయింది, ముక్కు దగ్గర నురగ ఎండి అట్టకట్టింది, కళ్లు కాకులు తినేశాయి. కత్తి గాటు లేదు, గాలం లేదు. తాబేలుకు ఊపిరి కావాలంటే నీటి పైకి రావాలి. తమరేమో గంటల తరబడి అడుగున ఈడ్చుకుపోతారు. ఇంత శుభ్రంగా చంపడం కసాయికి కూడా చేతకాదు. ఒక పెద్దాయన కూర్మావతారమంటూ దాని మీద పసుపు చల్లి, దండం పెట్టి, గుంట తీసి పూడ్చాడు.

తమరికి చట్టం తెలియదని కాదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో ఈ తాబేలు మొదటి షెడ్యూల్లో ఉంది, అంటే పెద్దపులి పక్క సీటు. చంపితే 3 నుంచి 7 ఏళ్ల జైలు. శ్రీశైలం అడవిలో పులి ఉచ్చులో పడితే ఆ ఉచ్చుకు పేపర్లో ఫోటో పడుతుంది. తమరి ఫోటో నేనింతవరకూ చూడలేదు. తాబేలు బతికి ఒడ్డెక్కితే అటవీ శాఖ లెక్క. బోటు ఎక్కి తమరు బయల్దేరితే మత్స్యశాఖ లెక్క. ఈ రెంటి మధ్య ఉన్న నీళ్లన్నీ తమవే కదా!

ఒడ్డు నుంచి 8 కిలోమీటర్ల లోపలికి మరబోట్లు రాకూడదు. కానీ తాబేలుకు ఆ నీళ్లే కావాలి, రొయ్యకూ అవే, కాబట్టి తమకూ అవే. ఇదేమిటని అడిగితే మా వాళ్లు "అవి తమిళనాడు సోనా బోట్లు, అక్కడి పెద్ద మరబోట్లండీ" అంటారు. అబద్ధం కాదు. వాటిని పట్టుకుని రేవుకు లాక్కొచ్చి గొడవలు పడ్డ రోజులూ ఉన్నాయి. అయితే ఆ కోపమంతా మన చేప పోతోందని. తాబేలు పోతోందని బోటును ఆపినవాళ్లను నేనెరగను. ఇక ఏప్రిల్ 15 నుంచి 61 రోజుల వేట నిషేధమంటారా, అప్పటికి తాబేళ్లు గుడ్లు పెట్టడం దాదాపు అయిపోతుంది. తమరికి సెలవు సరిగ్గా పని లేనప్పుడే దొరుకుతుంది.

రాత్రిళ్లు టార్చిలు పట్టుకుని ఈ ఒడ్డంతా తిరిగే కుర్రాళ్లున్నారు. వాళ్ల మీద నాకు వ్యంగ్యం రాదు. ఒక్కో తల్లి 100కు పైగా గుడ్లు పెడితే, కుక్కల పాలు కాకుండా తీసి, కంచె వేసిన చోట మళ్లీ పూడుస్తారు. 50 రోజులు అటూ ఇటూగా పిల్లలు బయటికొస్తాయి. ఆ రోజు బడిపిల్లలు, ఆఫీసర్లు, ముఖ్య అతిథి అందరూ వస్తారు. అరచేతిలో సగం కూడా లేని పిల్లలు టబ్బులోంచి దిగి నీళ్లవైపు పాకుతుంటే ఫోన్లన్నీ పైకి లేస్తాయి. వాటిలో వెయ్యికి ఒకటి పెద్దదైతే గొప్ప. ఆ ఒక్కటీ పదేళ్లు దాటాక గుడ్లు పెట్టడానికి ఒడ్డుకు వస్తుంటే, ఎదురు వెళ్లి స్వాగతం చెప్పేది తమరే.

తమరిని మార్చడానికి పెద్ద విద్య కూడా అక్కర్లేదు. టెడ్ అని ఒక కమ్మీల చట్రం ఉంది. తమరి గొంతులో ఏటవాలుగా బిగిస్తే రొయ్యలు కమ్మీల సందుల్లోంచి సంచిలోకి పోతాయి, తాబేలు కమ్మీలకు తగిలి పక్కనున్న కంతలోంచి బయటపడుతుంది. దీన్ని మొదట తయారు చేసింది సింకీ బూన్ అనే అమెరికా రొయ్యల వేటగాడు. తాబేళ్ల మీద జాలితో కాదు, జెల్లీ చేపలు వల నింపేస్తున్నాయన్న విసుగుతో. తర్వాత టెడ్ లేని వలల రొయ్య మాకొద్దని అమెరికా అంటే, మన దేశం ప్రపంచ వాణిజ్య సంస్థకెక్కింది. మలేషియా, థాయ్‌లాండ్‌తో పాటు పాకిస్తాన్ కూడా మన పక్షమే! తమరి కోసం భారత్, పాకిస్తాన్ చేయి కలిపాయంటే తమరి పలుకుబడి చిన్నదా? 1998లో తీర్పు వచ్చింది. చట్టాన్ని అమలు చేసిన తీరు తప్పన్నారు, చట్టం మాత్రం నిలిచింది. 2019లో మన సముద్రపు రొయ్యను అమెరికా ఆపేసింది. నెల్లూరు చెరువుల్లో పెంచే వెనామీ రొయ్యకు ఆ బాధ లేదు కాబట్టి మా జిల్లాలో ఎవరికీ టెన్షన్ రాలేదు.

డాలరు ఆగాక మాత్రం కొత్త కొలతల టెడ్ తయారైంది. కూర్మావతారానికి కదలని ఫైలు ఇన్‌వాయిస్‌కు కదిలింది. ఇప్పుడు బోటు యజమానుల బెంగ ఒకటే, ఆ కంతలోంచి నాలుగు రొయ్యలు జారిపోతాయేమోనని. ఒకవేళ రేవులో బిగించుకున్నా నడిసముద్రంలో విప్పేస్తే చూసేదెవరు?

తమరిని రావొద్దనడం లేదు. తమరి మీద బతికే ఇళ్లున్నాయి, చేపల పులుసు నేనూ మానను. చట్రం బిగించుకుని రండి, అంతే. అది కుదరదంటారా, ఈసారి పిల్లల్ని వదిలే రోజు తమరే ముఖ్య అతిథిగా దయచేయండి. నోటి వెడల్పు ఎంతో ముందే చెబితే శాలువా ఆ కొలతకే కుట్టిస్తాం.

ఇట్లు,
తమరు వదిలేసినవాటిని ఒడ్డున లెక్కపెట్టుకునే
విధేయుడు