జీతాల లెక్కను ఏడాది మధ్యలో మార్చకండి

2024 జులై 23. మా కర్మాగారంలో మధ్యాహ్న భోజనాల వేళ అందరి చేతుల్లోనూ ఫోనులే. కేంద్ర బడ్జెట్ వచ్చింది. కొత్త పన్ను విధానంలో ఉన్నవారికి స్టాండర్డ్ డిడక్షన్, అంటే పన్ను లెక్కకు ముందే జీతంలోంచి తీసేసే మొత్తం, 50 వేల నుంచి 75 వేలకు పెరిగింది, ఏ ఆదాయానికి ఎంత శాతం పన్నో చెప్పే శ్లాబులు కూడా మారాయి, పై శ్లాబులో ఉన్నవారికి ఏడాదికి 17,500 రూపాయలు మిగులుతాయని వార్తల్లో చెబుతున్నారు. మా ప్రొడక్షన్ మేనేజరు గారు క్యారియరు మూత కూడా పెట్టకుండా నా బల్ల దగ్గరికి వచ్చి, "ఏమ్మా, ఈ నెల నుంచే కదా?" అని అడిగారు. ఆయన ముఖం చూస్తే నాకూ సంతోషం వేసింది. మరుక్షణమే గుండెలో రాయి పడింది. ఆ మార్పు ఏప్రిల్ 1 నుంచే వర్తిస్తుంది. నేనేమో ఏప్రిల్, మే, జూన్ జీతాల్లో పాత శ్లాబుల ప్రకారం పన్ను పట్టుకుని చలాన్లు కట్టేశాను. జులై పట్టిక సగం తయారై ఉంది.

నేను విజయవాడ ఆటోనగర్‌లో 22 ఏళ్లుగా లెక్కలు రాస్తున్నాను. పగలు ఈ కర్మాగారంలో 86 మంది జీతాలు, సాయంత్రాలు మరో మూడు చిన్న సంస్థల ఖాతాలు చూస్తాను. పేరున్న ఆడిటర్ల గురించి అందరికీ తెలుసు. వాళ్ల దగ్గరికి వెళ్లే కాగితాన్ని నెలనెలా తయారుచేసే మాలాంటి వాళ్ల గురించి ఎవరూ మాట్లాడరు. అందుకే ఈ రోజు ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

బడ్జెట్ మార్పులను చట్టం చేసే ఆ ఏడాది ఆర్థిక బిల్లుకు రాష్ట్రపతి ఆమోదం ఆగస్టు 16న వచ్చింది. అంటే జులై జీతం కూడా పాత లెక్కతోనే ఇచ్చాం. మేనేజరు గారికి మిగలాల్సిన 17,500, దాని మీద 4 శాతం సెస్సు కలిపితే 18,200. ఆ మొత్తాన్ని మిగిలిన ఎనిమిది నెలలకు పంచితే నెలకు 2,275 రూపాయలు తగ్గించి పట్టుకోవాలి. ఒక్కరికైతే ఇది కాగితం మీద చేసే లెక్కే. కానీ జూన్‌లో చేరిన వాళ్లున్నారు, వాళ్ల పాత సంస్థ పట్టుకున్న పన్ను వివరాలు కలపాలి. పాత విధానం ఎంచుకున్న వాళ్లున్నారు, వాళ్లకు ఈ మార్పు వర్తించదు, ఎందుకు వర్తించదో విడమరచి చెప్పాలి. శ్లాబులు మారాయి కాబట్టి ఇప్పుడు కొత్త విధానంలోకి వస్తామన్న వాళ్లున్నారు, వాళ్ల లెక్క మొదటి నుంచి వేయాలి. ఆ వారం రోజులూ రాత్రి పదింటి వరకు ఆఫీసులోనే ఉన్నాను. ఆ పని చేసినందుకు నాకు బాధ లేదు. ఏప్రిల్ నుంచి మొదలైన ఏడాదికి జులైలో నిబంధన మార్చి, నాలుగు నెలల వెనక్కి వెళ్లి సరిచేసే భారం మొత్తం ఒక మనిషి నెత్తిన పెట్టి, ఆ మనిషికి తగినంత గడువు ఇవ్వకపోవడమే నా బాధ.

నిబంధనలు మారకూడదని నేను అనడం లేదు. మంచి మార్పులు కళ్లారా చూశాను. అదే 2024 అక్టోబరులో ఫారం 12బీఏఏ వచ్చింది. మా జనరల్ మేనేజరు గారి అమ్మాయి అమెరికాలో చదువుతోంది. ఆయన ఫీజుకు డబ్బు పంపినప్పుడు, ఆ ఏడాది పంపిన మొత్తం 7 లక్షలు దాటాక బ్యాంకు 5 శాతం చొప్పున టీసీఎస్, అంటే డబ్బు పంపేటప్పుడే ముందుగా వసూలు చేసే పన్ను, పట్టుకుంది. అంతకుముందు ఆ డబ్బు తిరిగి రావాలంటే ఏడాది చివర రిటర్న్ వేసి ఎదురుచూడాలి. ఈ ఫారం వచ్చాక ఆ వివరం మాకిస్తే జీతంలో పట్టుకునే పన్నులోనే సర్దేశాం. మన ఊళ్లలో ఎన్ని ఇళ్ల నుంచి పిల్లలు విదేశాలకు వెళుతున్నారో మనకు తెలుసు. ఆ తల్లిదండ్రులకు ఇది నిజంగా పనికొచ్చే మార్పు. అలాంటిది ఇంకా పది తెచ్చినా చేస్తాను.

కానీ వరుస చూడండి. కొత్త పన్ను విధానం 2020 బడ్జెట్‌లో వచ్చింది. 2023లో శ్లాబులు మారాయి, ఆ ఏడాది నుంచే ఉద్యోగి ఏమీ చెప్పకపోతే కొత్త విధానమే వర్తించేలా చేశారు. 2024లో మళ్లీ మారాయి. 2025లో మళ్లీ మారాయి. మూడేళ్లలో మూడు శ్లాబు పట్టికలు. ప్రతి పట్టికా వార్తల్లో ఒక రకంగా వినిపిస్తుంది, జీతం స్లిప్పులో ఇంకో రకంగా కనిపిస్తుంది. ఆ రెండింటి మధ్య తేడాకు జవాబు చెప్పుకోవాల్సింది మేము.

2025 ఏప్రిల్ జీతాలు ఇచ్చిన రోజు మా డిజైన్ విభాగం కుర్రాడు వచ్చాడు. ఏడాదికి 13.50 లక్షల జీతం. "మేడం, 12 లక్షల వరకు పన్ను లేదన్నారు కదండీ, నాకు 6 వేలకు పైగా ఎందుకు పట్టుకున్నారు?" అన్నాడు. కూర్చోమని, పాత చలాను వెనుక రాసి చూపించాను. స్టాండర్డ్ డిడక్షన్ 75 వేలు తీసేస్తే 12.75 లక్షలు. మొదటి 4 లక్షలకు ఏమీ లేదు. తర్వాతి 4 లక్షలకు 5 శాతం, 20 వేలు. ఆ తర్వాతి 4 లక్షలకు 10 శాతం, 40 వేలు. మిగిలిన 75 వేలకు 15 శాతం, 11,250. మొత్తం 71,250. సెస్సు 2,850 కలిపితే 74,100. నెలకు 6,175. అతను చివరి వరుస మీద వేలు పెట్టి, "నేను ఈ 11,250 ఒక్కటే అనుకున్నాను మేడం" అన్నాడు. 12 లక్షల వరకు పన్ను లేకపోవడం రిబేటు వల్ల, అంటే లెక్కకు వచ్చిన పన్నును మాఫీ చేయడం వల్ల అని, ఆదాయం ఆ గీత దాటి ముందుకు వెళితే కింది శ్లాబుల పన్ను కూడా పడుతుందని, గీతను కొద్దిగా దాటిన వాళ్లకు మాత్రమే కొంత ఉపశమనం ఉంటుందని చెప్పాను. అర్థమైంది. కానీ ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుంటూ నా వైపు చూసిన చూపు నేను మరచిపోలేను. తన కష్టార్జితం నేను తీసుకున్నట్టే చూశాడు. చట్టం చేసేవాళ్లు అతనికి కనిపించరు, కనిపించేది నేనే.

ఇక పన్ను ఒక్కటే కాదు. 7వ తేదీకి టీడీఎస్ (జీతాల్లో పట్టుకున్న పన్ను), 10వ తేదీకి వృత్తి పన్ను, 15వ తేదీకి పీఎఫ్, అదే రోజు ఈఎస్ఐ. ఇవి మాకు ఊపిరి లాంటివి, వాటి గురించి ఫిర్యాదు లేదు. కానీ వాటి లోపలి పద్ధతి మారిన ప్రతిసారీ ఎవరో ఒక పేదవాడి పని ఆగుతుంది. 2025 ఆగస్టు 1 నుంచి కొత్త కార్మికుడికి పీఎఫ్‌లో గుర్తింపుగా ఉండే యూఏఎన్ సంఖ్యను ప్రభుత్వ ఉమంగ్ యాప్‌లో ముఖ గుర్తింపుతోనే సృష్టించాలన్నారు. ఒకరి పేరుతో ఇంకొకరు డబ్బు తీసుకోకుండా ఉండటానికి మంచి పద్ధతే. ఆ నెలలో శ్రీకాకుళం నుంచి ఒక పిల్లవాడు హెల్పరుగా చేరాడు. 19 ఏళ్లు. ఆధార్‌లో ఉన్నది అతని పదేళ్ల వయసు ఫోటో. గేటు దగ్గర వెలుతురు బాగుందని అక్కడ నిలబెట్టి, నా ఫోను పట్టుకుని, "కళ్లు ఆర్పు బాబూ, ఇంకొంచెం దగ్గరికి రా" అంటూ ఆరుసార్లు ప్రయత్నించాను. కుదరలేదు. చివరికి ఆధార్ కేంద్రానికి పంపితే ఒక రోజు కూలి పోయింది. ఆ రోజు కూలి యజమాని చేత ఇప్పించాను. ఇలాంటి పద్ధతి తెచ్చేటప్పుడు కూలీల ఆధార్ ఫోటోలు పాతవై ఉంటాయని, వాళ్లకు సెలవు దొరకదని ముందే ఎవరైనా ఆలోచించాలా వద్దా?

అదే సంవత్సరం సెప్టెంబరు జీతాల నుంచి పీఎఫ్ ఈసీఆర్ (నెలనెలా వేసే పీఎఫ్ రిటర్న్) దాఖలు చేసే తీరు కూడా మారింది. రిటర్న్ వేరు, చెల్లింపు వేరు అయ్యాయి. నవంబరు 21న నాలుగు కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చాయి, 29 చట్టాలు వాటిలో కలిశాయి. కోడ్ అమల్లోకి వచ్చింది నవంబరులో, కేంద్ర నియమాల ముసాయిదా వచ్చింది డిసెంబరు చివర్లో. ఈ మధ్య కాలంలో మేము దేన్ని చూసి లెక్క వేయాలి? వేతనం అనే మాటకే అర్థం మారిపోయిందాయె. భత్యాలు మొత్తంలో సగం దాటితే, దాటినంత వేతనంలో కలుస్తుంది. 30 వేల జీతంలో బేసిక్ 9 వేలు, మిగతావి 21 వేలు ఉన్న మనిషిని తీసుకోండి. కొత్త నిర్వచనాన్ని అక్షరాలా అన్వయిస్తే 6 వేలు కలిసి వేతనం 15 వేలవుతుంది. పీఎఫ్ కోత 1,080 నుంచి 1,800కు పెరుగుతుంది. అతని భవిష్యత్తుకు ఇది మేలే, యజమాని వాటా కూడా పెరుగుతుంది, గ్రాట్యుటీ పెరుగుతుంది. కానీ ఈ నెల ఇంటి అద్దె కట్టాల్సిన వాడికి చేతికొచ్చేది 720 రూపాయలు తక్కువ. బేసిక్ తగ్గించి రాసుకున్న సంస్థలు చేసిన తప్పును సరిదిద్దుతున్నారు, సంతోషం. కానీ ఆ మాట కార్మికుడికి తెలుగులో చెప్పే ఒక్క పేజీ కాగితం కూడా నా చేతికి రాలేదు. నేనే రాసి నోటీసు బోర్డు మీద అంటించాను.

ఉద్యోగం మానేసిన వాడికి రెండు పనిదినాల్లో మొత్తం బకాయి చెల్లించాలన్న నిబంధనను మాత్రం నేను రెండు చేతులా ఆహ్వానిస్తాను. నెల తర్వాత రా, నెలన్నర తర్వాత రా అని తిప్పించుకున్న కాలం నేను చూశాను.

ఇప్పుడు 2026 ఏప్రిల్ 1 నుంచి 1961 నాటి ఆదాయపు పన్ను చట్టం స్థానంలో 2025 చట్టం వచ్చింది. 536 సెక్షన్లు. జీతం మీద పన్ను పట్టుకోవడం అనగానే నోటికొచ్చే 192వ సెక్షన్ ఇప్పుడు 392. గత సంవత్సరం, మదింపు సంవత్సరం అన్న రెండు పేర్ల గందరగోళం పోయి పన్ను సంవత్సరం అన్న ఒక్క పేరు మిగిలింది. ఆ గందరగోళంతో చలాన్లలో తప్పు సంవత్సరం పడి ఎంతమంది ఇబ్బంది పడ్డారో నాకు తెలుసు కాబట్టి ఇది గొప్ప మేలు అంటాను. అయితే 2025-26 లెక్కలు పాత చట్టం కిందే ముగించాలి, ఏప్రిల్ నుంచి కొత్తది. కొంతకాలం రెండు చట్టాలూ ఒకే బల్ల మీద ఉంటాయి.

అందుకే అడుగుతున్నాను. జీతానికి సంబంధించిన ఏ మార్పయినా వచ్చే ఏప్రిల్ 1 నుంచే అమలు చేయండి, గడిచిన నెలలకు వెనక్కి వేయకండి. నిబంధన వచ్చిన రోజే దాని సాఫ్ట్‌వేర్ కూడా ఇవ్వండి, కనీసం రెండు నెలలు పరీక్షించుకోనివ్వండి. కొత్త ఫారం వచ్చిన మొదటి రెండు త్రైమాసికాలు ఆలస్య రుసుము వేయకండి.

ఈ చివరి మాట ఊరికే అనడం లేదు. టీడీఎస్ రిటర్న్ ఆలస్యమైతే రోజుకు 200 రూపాయల రుసుము. నాకు తెలిసిన ఒక అమ్మాయి, ఉద్యోగంలో చేరి రెండేళ్లు, ఒక చిన్న సంస్థలో ఒంటరిగా లెక్కలు చూస్తుంది. ఫైలును సరిచూసే సాఫ్ట్‌వేర్ కొత్త రూపం వచ్చిన సంగతి తెలియక పాతదానితో తయారుచేసింది. ఫైలు తిరస్కరించారు. ఆ తప్పు ఎక్కడుందో పట్టుకుని మళ్లీ వేసేసరికి గడువు దాటి 30 రోజులైంది. 6,000 రూపాయలు. యజమాని ఆ డబ్బును ఆమె జీతంలో కోసుకున్నాడు. నెలకు 18 వేలు తెచ్చుకునే పిల్ల.

ఏప్రిల్ మొదటి వారంలో ఆమె నాకు ఫోను చేసింది. "అక్కా, మార్చి 31న ఇచ్చిన జీతం మీద పట్టుకున్న పన్ను ఏ చట్టం కింద కట్టాలి?" అంది. అది పాత చట్టం కింద, ఏప్రిల్ 30లోగా అని, ఏప్రిల్ జీతానిది కొత్త చట్టం కింద, మే 7లోగా అని చెప్పాను. రెండు తేదీలూ రాసుకుంటున్న చప్పుడు వినిపించింది. కాసేపు ఆగి, "పొరపాటున ఆలస్యమైతే మళ్లీ నా జీతంలోనే కోస్తారా అక్కా?" అని అడిగింది. నేను జవాబు చెప్పలేకపోయాను. సోమవారం ఆ యజమాని దగ్గరికి ఆమెతో పాటు నేను కూడా వెళుతున్నాను. ఆ 6,000 గురించి కూడా అడుగుతాను.