మొదట తలుపు తీసినవారికి డబ్బు చివర్లోనా?

2021 ఫిబ్రవరిలో యూరి మంచు తుఫాను అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రాన్ని కమ్మేసినప్పుడు అక్కడి 254 కౌంటీల్లో (మన జిల్లాల వంటివి) ఒక్కటీ తప్పించుకోలేదు. 15వ తేదీ తెల్లవారకముందే రాష్ట్ర విద్యుత్ గ్రిడ్ పూర్తిగా కుప్పకూలే దశకు చేరింది. మరో 4 నిమిషాల 37 సెకన్లు అలాగే సాగితే వారాల తరబడి అంధకారమేనని గ్రిడ్ నడిపేవాళ్లే తర్వాత ఒప్పుకున్నారు. ఒక దశలో 45 లక్షల ఇళ్లకు, వ్యాపారాలకు కరెంటు లేదు. మర్నాడు డాలస్ విమానాశ్రయంలో ఉష్ణోగ్రత మైనస్ 19 డిగ్రీల సెల్సియస్‌కు పడిపోయింది. గోడల్లో నీళ్ల పైపులు గడ్డకట్టి పగిలాయి. కోటి మందికి పైగా జనం నీళ్లు మరగబెట్టుకుని తాగాల్సి వచ్చింది. ఆ మరగబెట్టడానికీ చాలా ఇళ్లలో కరెంటు లేదు.

రాష్ట్ర ఆరోగ్య శాఖ లెక్క ప్రకారం చనిపోయినవారు 246 మంది. వారిలో 161 మందిని చంపింది చలే. మరో 19 మంది కార్బన్ మోనాక్సైడ్ పీల్చి పోయారు. వెచ్చదనం కోసం గ్యారేజీలో కారు ఇంజన్ ఆన్ చేసి ఉంచడం, ఇంట్లో బొగ్గుల గ్రిల్ వెలిగించడం, జనరేటర్‌ను లోపలే పెట్టడం అప్పట్లో ఎన్నో ఇళ్లలో జరిగాయి. దగ్గర్లో ఒక వెచ్చటి హాలు ఉందని తెలిసి, అక్కడికి చేరే వీలుండి ఉంటే వీరిలో కొందరైనా బతికేవారు. మంచు తుఫాను సాయం గురించి మాట్లాడేటప్పుడు అసలు విషయం ఇదే. తుఫాను కదిలిపోయాక ఎవరికి ఎంత ఇచ్చారన్నది ఒక ప్రశ్న. తుఫాను నడుస్తున్న ఆ నాలుగైదు రోజులు ఎవరి తలుపు తెరిచి ఉందన్నది అంతకంటే పెద్ద ప్రశ్న.

యూరి రోజుల్లో డాలస్‌లో కన్వెన్షన్ సెంటర్‌నే ఆశ్రయంగా మార్చారు. మిగతా ఊళ్లలో చర్చిలు, బళ్లు, లైబ్రరీలు, కమ్యూనిటీ హాళ్లు ఆ బాధ్యత తీసుకున్నాయి. చిన్న ఊళ్లలో మునిసిపాలిటీ దగ్గర ఉన్న ఒక్క జనరేటర్ నీళ్ల ప్లాంటుకా, ఆశ్రయానికా అని తేల్చుకోవాల్సి వచ్చింది.

ఇది మన పాఠకులకు దూరపు విషయం కాదు. డాలస్ చుట్టుపక్కల ఉన్న ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్‌లలో వేలాది తెలుగు కుటుంబాలు స్థిరపడ్డాయి. డెంటన్, ఆర్లింగ్టన్ యూనివర్సిటీల్లో మన పిల్లలు చదువుకుంటున్నారు. వారి తల్లిదండ్రులు తెనాలిలోనో, కరీంనగర్‌లోనో ఉండి, ఫోన్ కలవక టెన్షన్‌తో గడపాల్సి వచ్చే పరిస్థితి ఇది. వీరిలో చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. విపత్తు తర్వాత అమెరికా కేంద్ర ప్రభుత్వం నేరుగా కుటుంబాలకిచ్చే నగదు సాయం పౌరులకు, గ్రీన్‌కార్డు ఉన్నవారికి, శరణార్థుల వంటి మరికొన్ని వర్గాలకు మాత్రమే. హెచ్‌1బీ మీద ఉద్యోగం చేసేవారికి, ఎఫ్‌1 మీద చదివేవారికి అది రాదు. ఎన్నేళ్లుగా పన్ను కడుతున్నా రాదు. అక్కడ పుట్టిన బిడ్డ ఇంట్లో ఉంటే ఆ బిడ్డ తరఫున దరఖాస్తు పెట్టవచ్చు, అంతవరకే. తలదాచుకునే చోటు, తిండి, తాగునీరు, మందులు వంటివాటికి మాత్రం వీసా అడగరు. వాటిని అందించేది ఎక్కువగా కౌంటీలు, మునిసిపాలిటీలు, స్వచ్ఛంద సంస్థలు, గుళ్లు, చర్చిలు. కాబట్టి ఆ సంస్థలకు ప్రభుత్వం డబ్బు ఎలా ఇస్తోంది, ఎప్పుడు ఇస్తోంది అన్నది వట్టి బడ్జెట్ వ్యవహారం కాదు. వీసా మీద ఉన్న మన పిల్లలకు ప్రభుత్వ సాయం చేరే దారి దాదాపుగా అదొక్కటే.

ఆ దారి పేరు పబ్లిక్ అసిస్టెన్స్. 1988 నాటి స్టాఫర్డ్ చట్టం కింద, అధ్యక్షుడు భారీ విపత్తుగా ప్రకటించాక, అమెరికా కేంద్ర విపత్తు నిర్వహణ సంస్థ ఫెమా ఈ పథకాన్ని నడుపుతుంది. అర్హమైన ఖర్చులో కనీసం 75 శాతం కేంద్రం ఇస్తుంది, మిగతాది రాష్ట్రమూ స్థానిక సంస్థలూ భరించాలి. మన రాష్ట్ర విపత్తు స్పందన నిధిలోనూ కేంద్రం వాటా 75 శాతమే కాబట్టి ఈ లెక్క తెలుగువారికి కొత్త కాదు. అక్కడి డబ్బు ముందు రాష్ట్రానికి వస్తుంది, రాష్ట్రం నుంచి కౌంటీకి, సంస్థకు వెళ్తుంది. తమ కౌంటీని విపత్తు ప్రాంతాల జాబితాలో చేర్చిన నాటి నుంచి 30 రోజుల్లోపు సంస్థ దరఖాస్తు పెట్టుకోవాలి.

ఈ పథకంలో మంచి మార్పులు జరగలేదని మేము అనడం లేదు. 2018 దాకా ప్రార్థనా మందిరాల భవనాలు దెబ్బతింటే ఫెమా సాయం దాదాపు అందేది కాదు. 2017లో వచ్చిన హరికేన్ హార్వీ తర్వాత టెక్సాస్‌లో కొన్ని చర్చిలు కోర్టుకెక్కాయి. 2018 జనవరిలో ఫెమా విధానం మార్చుకుంది, మరుసటి నెలలో అమెరికా పార్లమెంటు (కాంగ్రెస్) దాన్ని చట్టంలోకి ఎక్కించింది. అప్పటి నుంచి గుడికి, మసీదుకు, గురుద్వారాకు కూడా అర్హత ఉంది. కాగితాల పనికయ్యే ఖర్చు కోసం సాయంలో 5 శాతం దాకా తీసుకునే వీలు కూడా అదే ఏడాది వచ్చింది. 2022లో పది లక్షల డాలర్ల లోపు పనులన్నిటినీ చిన్న ప్రాజెక్టులుగా లెక్కగట్టి అంచనాల మీదే డబ్బు మంజూరు చేసేలా నిబంధన సడలించారు. ఇవన్నీ కావలసిన మార్పులే.

అయినా మూలంలో ఉన్న లోపం అలాగే ఉంది. ఈ సాయం ప్రధానంగా రీయింబర్స్‌మెంట్ పద్ధతిలో నడుస్తుంది. ముందు మీరు ఖర్చు పెట్టండి, బిల్లులు దాచండి, తర్వాత చూద్దాం అన్న పద్ధతి. బ్యాంకులో కోట్లున్న పెద్ద నగరానికి ఇది ఇబ్బంది కాదు. ఆదివారం హుండీ, పండగ చందాల మీద నడిచే గుడికి, పదిమంది ఉద్యోగులున్న ఊరి మునిసిపాలిటీకి మాత్రం ఊపిరాడని పరిస్థితి. అద్దెకు తెచ్చిన జనరేటర్, డీజిల్, దుప్పట్లు, మూడు పూటల వంట, సెక్యూరిటీ, అన్నింటికీ చేతి డబ్బే పెట్టాలి. అది తిరిగి రావడానికి నెలలు, ఒక్కోసారి ఏళ్లు పడుతుంది. పైగా అత్యవసర పనికి సొంత ఉద్యోగుల ఓవర్‌టైమ్‌ను లెక్కిస్తారే తప్ప మామూలు గంటల జీతాన్ని లెక్కించరు. ఆ వారం మొత్తం వాళ్లు ఆశ్రయంలోనే పనిచేసినా అంతే.

ఇంతకంటే పెద్ద చిక్కు మరొకటి ఉంది. దీని గురించి మన సంఘాల పెద్దలకు కూడా అంతగా తెలిసినట్టు లేదు. చలికి వణికే జనానికి ఆశ్రయం ఇవ్వడం చట్టం ప్రకారం ప్రభుత్వ బాధ్యత, స్వచ్ఛంద సంస్థ బాధ్యత కాదు. అందువల్ల ఒక గుడి తన హాలు తెరిచి రెండొందల మందికి నాలుగు రోజులు అన్నం పెడితే, ఆ ఖర్చును ఫెమా నేరుగా గుడికి ఇవ్వదు. ఆ పని కౌంటీయో, నగరమో అడిగితేనే చేశారని రుజువుండాలి. అప్పుడు నగరం దాన్ని తన ఖర్చుగా చూపించి ఫెమా నుంచి తెచ్చుకుని గుడికి ఇస్తుంది. ఎవరూ అడగకముందే మనసు కరిగి తలుపు తీసినవారికి రూల్స్‌లో చోటు లేదు. పగిలిన పైపు, తడిసి పాడైన గోడల మరమ్మతుకైతే సంస్థ సొంతంగా అడగవచ్చు. అక్కడ కూడా ఆసుపత్రి, బడి, కరెంటు సంస్థ లాంటివి కాకపోతే ముందు కేంద్ర ప్రభుత్వపు చిన్న వ్యాపారాల సంస్థ దగ్గర విపత్తు రుణానికి దరఖాస్తు పెట్టాలి. ఆ రుణంతో తీరని మేరకే ఫెమా చూస్తుంది. బీమా సొమ్ము వస్తే దాన్నీ తీసేస్తుంది.

ఊరి కష్టం ఎంత లోతుగా ఉంటుందో చూడాలంటే మిసిసిపీ రాజధాని జాక్సన్‌ను చూడాలి. అదే యూరి తుఫానులో అక్కడి నీటి శుద్ధి ప్లాంటు గడ్డకట్టింది. లక్షన్నర జనాభా ఉన్న నగరం, ఎక్కువమంది నల్లజాతి ప్రజలు, చాలాకాలంగా ఆదాయం తగ్గుతూ వచ్చిన మునిసిపాలిటీ. కొన్ని కాలనీలకు వారాల తరబడి చుక్క నీరు రాలేదు. మరగబెట్టుకుని తాగమన్న హెచ్చరిక దాదాపు నెల రోజులు కొనసాగింది. ఏడాదిన్నర తర్వాత, 2022 ఆగస్టులో, ఆ నీటి వ్యవస్థ మళ్లీ చేతులెత్తేసింది. ముందు నువ్వు ఖర్చు పెట్టు అని అలాంటి ఊరికి చెప్పడమంటే బాగుచేసుకోవద్దని చెప్పడమే.

పల్లెలకు కరెంటు ఇచ్చే సహకార సంఘాలు కూడా లాభాపేక్ష లేని సంస్థలే. 2009 జనవరిలో కెంటకీని తాకిన మంచు తుఫానులో తీగలపై ఐసు పేరుకుని స్తంభాలు కొండలోయల్లో వరసగా విరిగిపడ్డాయి, లక్షల ఇళ్లు చీకట్లో మిగిలాయి. అలాంటి చోట స్తంభాలు తిరిగి నిలబెట్టడానికి పబ్లిక్ అసిస్టెన్స్ సాయం పనికొచ్చింది. యూరి సమయంలో టెక్సాస్‌లో జరిగింది వేరు. బ్రాజోస్ ఎలక్ట్రిక్ అనే సహకార సంస్థకు ఆ కొద్దిరోజుల కరెంటు కొనుగోలుకు 200 కోట్ల డాలర్లకు పైగా బిల్లు వచ్చింది. 2021 మార్చి 1న అది దివాలా పిటిషన్ వేసింది. స్తంభం విరిగితే సాయం ఉంది, ధర ఆకాశానికి ఎక్కితే ఫెమా సాయం లేదు. చివరికి ఆ భారం పల్లెల్లోని వినియోగదారుల బిల్లుల్లోకి చేరింది.

మంచు తవ్వి పారేయడానికి ఉన్న నిబంధన ఎక్కువగా అమెరికా ఉత్తరాది ఊళ్లకు సంబంధించింది. ఏటా కురిసే మంచుకు ఫెమా డబ్బు ఇవ్వదు, ఇవ్వకూడదు కూడా. రికార్డు స్థాయికి చేరిన, లేదా దానికి దగ్గరగా వచ్చిన మంచుకే, అదీ సాధారణంగా 48 గంటల ఖర్చుకే సాయం. 2022 క్రిస్మస్ వేళ న్యూయార్క్ రాష్ట్రంలోని బఫెలోలో 50 అంగుళాలకు పైగా మంచు కురిసి అంబులెన్సులే దారిలో చిక్కుకున్నాయి. ఆ నగరం ఉన్న ఎరీ కౌంటీలో 40 మందికి పైగా చనిపోయారు. అలాంటి చోట రెండు రోజుల లెక్క ఎంత చిన్నదో వేరే చెప్పక్కర్లేదు.

ఇదంతా ఇప్పుడు ఎందుకంటే, ఈ సాయం ఉండాలా వద్దా అన్న చర్చే వాషింగ్టన్‌లో నడుస్తోంది. 2025 జనవరిలో అధ్యక్షుడు ట్రంప్ ఫెమా భవిష్యత్తును పరిశీలించడానికి ఒక సమీక్షా మండలిని వేశారు. విపత్తుల బాధ్యతను రాష్ట్రాలే ఎక్కువగా మోయాలన్నది ఆయన మాట. రాష్ట్రంలో నష్టం తలకు రెండు డాలర్ల లోపు ఉన్నా సాయానికి తలుపు తెరిచే ప్రస్తుత కొలమానాన్ని బాగా పెంచాలన్న ఆలోచన కూడా ఉంది. రాష్ట్రాలు సొంత కాళ్ల మీద నిలబడాలనడంలో తప్పు లేదు. కానీ కొలమానం పెంచితే మొదట దెబ్బతినేది మధ్యస్థాయి మంచు తుఫాన్లే. హరికేన్‌లా టీవీల్లో రోజుల తరబడి కనిపించని, ఐదారు కౌంటీలను మాత్రం కుదేలు చేసే ఐసు తుఫాన్లు జాబితా నుంచి జారిపోతాయి. ఇప్పటికే కేంద్ర విపత్తు నిధి తగ్గినప్పుడల్లా పాత విపత్తుల మరమ్మతులను పక్కన పెడుతున్నారు. 2023 ఆగస్టులో అదే జరిగింది, 2024లో మళ్లీ జరిగింది. ఎక్కడో హరికేన్ వస్తే రెండేళ్ల కిందటి మంచు తుఫాను బాధితుడు వరసలో ఇంకా వెనక్కి వెళ్తున్నాడు. ఈ పద్ధతి పోవాలి. బాధ్యత రాష్ట్రాల మీదకు నెట్టడానికి ముందు దానికి సరిపడే డబ్బు రాష్ట్రాల చేతికి రావాలి.

ఆశ్రయం కోసం సంస్థలతో కౌంటీలు చలికాలానికి ముందే ఒప్పందాలు రాసుకోవడం కష్టమైన పనేమీ కాదు. ఇర్వింగ్‌లోని డీఎఫ్‌డబ్ల్యూ హిందూ టెంపుల్, ఫ్రిస్కోలోని కార్యసిద్ధి హనుమాన్ ఆలయం వంటి చోట్లకు మనవాళ్లు అలవాటుగా వెళ్తారు. అలాంటి సంస్థలతో నగరాలు సంతకం చేసిన కాగితం ఉంచుకుంటే, ఆ రాత్రి తలుపు తీయడానికి ఎవరి అనుమతి కోసమూ చూడనక్కర్లేదు. ఖర్చు ఎవరిదన్న పేచీ కూడా ఉండదు. అమెరికాలోని తెలుగు సంఘాలు ఈ ఏడాది సాంస్కృతిక కార్యక్రమాలతో పాటు ఈ పనికీ ఒక కమిటీ వేసుకోవాలి. పన్ను మినహాయింపు పత్రం, బీమా పాలసీ, భవనం ఫొటోలు ఒకచోట ఉంచాలి. వలంటీర్ల సంతకాల రిజిస్టరు తప్పనిసరి. ఎవరు, ఏ రోజు, ఎన్ని గంటలు, ఏం పని చేశారో రాసి ఉంటే ఆ శ్రమ విలువను స్థానిక సంస్థ భరించాల్సిన 25 శాతం వాటాలో జమ కట్టే వీలుంది. మన వలంటీర్లు రాత్రంతా వంట చేసి, పేరు రాయకుండా ఇంటికి వెళ్లిపోతారు. వాళ్లకు లెక్క అక్కర్లేకపోయినా నగరానికి కావాలి.

డబ్బు ముందుగా ఇచ్చే విషయంలో టెక్సాస్‌కు సాకు లేదు. రాష్ట్రం దగ్గరున్న ఆర్థిక స్థిరీకరణ నిధిలో 2,000 కోట్ల డాలర్లకు పైగా ఉన్నాయి. అందులో చిన్న భాగాన్ని అడ్వాన్సు నిధిగా వేరుచేసి, తుఫాను హెచ్చరిక వెలువడిన రోజే ఒప్పందమున్న సంస్థలకు, చిన్న ఊళ్లకు కొంత సొమ్ము ఇచ్చి, ఫెమా డబ్బు వచ్చాక తిరిగి జమ చేసుకోవచ్చు. దానికి శాసనసభ ఆమోదం కావాలి. ఆ సభ సాధారణ సమావేశాలు బేసి సంవత్సరాల్లో మాత్రమే, జనవరి నుంచి 140 రోజులు జరుగుతాయి. ఓటు హక్కున్న తెలుగువారు సమావేశాలు మొదలయ్యే దాకా ఆగకుండా తమ ప్రతినిధిని ముందే కలిసి ఈ అడ్వాన్సు నిధి కోసం అడగాలి. ఓటు లేని హెచ్‌1బీ ఉద్యోగుల తరఫున, విద్యార్థుల తరఫున కూడా అడగాల్సింది వారే.