వంతెనలున్న దీవులు, మనుషులున్న దీవి

లక్నవరం చెరువులో పదమూడు దీవులున్నాయి. ఒక్కదాంట్లోనూ ఊరు లేదు. అయినా గట్టు మీంచి దీవికి, దీవి మీంచి దీవికి వేలాడే వంతెనలు వేశారు. 2024 నవంబరులో మూడో దీవిలో కాటేజీలు కూడా తెరిచారు. అందులో తప్పు పట్టేదేం లేదు. కాకతీయుల నాటి చెరువు, చూడదగ్గ చోటే. అయితే అదే ములుగు జిల్లాలో మనుషులు తరాలుగా కాపురముంటున్న దీవి ఒకటుంది. వానకాలం నాలుగు నెలలే దానికి దీవి బతుకు, మిగతా ఎనిమిది నెలలు మామూలు ఏజెన్సీ పల్లె. ఆ ఎనిమిది నెలల వల్లే దీవి అనగానే ఎవరికీ అది గుర్తు రాదు, ప్రణాళికలు వేసేవాళ్లకు కూడా. ఆ ఊరు ఏటూరునాగారం మండలంలోని కొండాయి.

మేడారం జాతర తెలిసినవాళ్లకు పేరు కొత్త కాదు. రెండేళ్లకోసారి మాఘ పున్నమికి జరిగే ఆ జాతరలో మొదటి రోజు కన్నెపల్లి నుంచి సారలమ్మ, పూనుగొండ్ల నుంచి పగిడిద్దరాజు, కొండాయి నుంచి గోవిందరాజు గద్దెల మీదికి చేరుకుంటారు. సారలమ్మ పెనిమిటి గోవిందరాజు. లక్షల మంది ఆయనకు మొక్కుతారు, ఆయన ఊరికి పోయేది మాత్రం ఏ కొద్దిమందో. జాతర రోజుల్లో ఏటూరునాగారం వైపు నుంచి వచ్చే బండ్లను చిన్నబోయినపల్లి, కొండాయి, ఊరట్టం మీదుగా మేడారం పంపిస్తారు కాబట్టి వేల బండ్లు ఊరి పక్కనుంచే పోతాయి. ఎవరూ దిగరు. దిగి చూడాలనుకునేవాళ్లు జాతర రోజులను వదిలేయడమే మంచిది. ఆ నాలుగు రోజులు ఊరివాళ్లకు చేతినిండా పని, దారిలో దుమ్ము తప్ప మీకు ఇంకేం కనిపించదు.

కొండాయికి ప్రాణమూ గండమూ జంపన్నవాగే. పాత పేరు సంపెంగవాగు. సమ్మక్క కొడుకు జంపన్న కాకతీయ సేనతో పోరాడి ఈ వాగులోనే ప్రాణం విడిచాడని కోయల కథ. తాడ్వాయి అడవుల నీళ్లు మోసుకుని మేడారం ముందునుంచి, దొడ్ల, మల్యాల, కొండాయి పక్కలనుంచి పారి ఇది గోదావరిలో కలుస్తుంది. మాఘమాసంలో చూస్తే వాగు అంటే నమ్మబుద్ధి కాదు. ఒడ్డు నుంచి ఒడ్డు దాకా తెల్లటి ఇసుక, నడుమ ఒక సన్నటి పాయ, అంతే. ఇసుకలో మూరెడు లోతు గుంత తవ్వితే నీళ్లు ఊరతాయి. దీన్నే చెలిమె అంటారు. మొదట ఊరిన బురద నీళ్లను గిన్నెతో రెండు మూడుసార్లు తోడి పారబోయాలి. ఆ తర్వాత గుంత అంచులు కూలకుండా చేత్తో ఒత్తి కాసేపు ఆగితే, అడుగున ఇసుక రేణువులు లెక్కబెట్టగలిగేంత తేటగా నీళ్లు వస్తాయి. పశువులు దిగే రేవుకు ఎగువనే చెలిమె తీస్తారు, దిగువన తీయరు. చూడ్డానికి ఎంత తేటగా ఉన్నా బయటి ఊళ్లనుంచి వచ్చినవాళ్లు కాచి చల్లార్చిన నీళ్లే తాగడం మేలు.

వరంగల్ నుంచి వచ్చేవాళ్లు 163వ నంబరు జాతీయ రహదారి పట్టుకుంటే చాలు. ములుగు, గోవిందరావుపేట, పస్రా, తాడ్వాయి దాటి ఏటూరునాగారం చేరకముందే చిన్నబోయినపల్లి వస్తుంది, అక్కడ లోపలికి మళ్లాలి. మొత్తం వంద కిలోమీటర్లకు పైబడిన దారి. హన్మకొండ బస్టాండు నుంచి ఏటూరునాగారం బస్సులుంటాయి. అక్కడి నుంచి ఆటోగానీ సొంత బండిగానీ చూసుకోవాలి. పెట్రోలు, డబ్బులు, మందులు ఏటూరునాగారంలోనో పస్రాలోనో చూసుకుని కదలాలి, లోపల దొరుకుతాయన్న భరోసా వద్దు. రాత్రి బస ఏటూరునాగారం లాడ్జీలోనే. ఊళ్లో ఎవరింట్లోనైనా ఉండొచ్చా అని అడగడం ఇప్పుడిప్పుడు ఫ్యాషన్ అయింది. రెండు గదుల ఇంట్లో నలుగురుండే చోట ఐదోవాడికి మంచమిస్తే ఎవరు నేల మీద పడుకుంటారో ఆలోచించి అడగాలి.

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా పోవడానికి అనువైన కాలం. ఎండ తక్కువ, వాగు దిగి ఉంటుంది, మిర్చి తోటలు కాపు మీద ఉంటాయి. మార్చి, ఏప్రిల్ నెలల్లో ఇప్పపూలు రాలతాయి. తెల్లారకముందే బుట్టలు పట్టుకుని చెట్ల కిందికి పోతారు, ఎండ ఎక్కితే పువ్వు వడిలిపోతుంది, పశువులూ తినేస్తాయి. తర్వాత మే దాకా తునికాకు (బీడీ ఆకు) పని. యాభై ఆకులకు ఒక కట్ట, వెయ్యి కట్టలకు ఒక బస్తా. పొద్దంతా కోసి, సాయంత్రం ఇంటిల్లిపాదీ కూర్చుని కట్టలు కడితేగానీ కల్లానికి, అంటే ఆకు కొనే చోటికి, లెక్క తేలదు. ఆ రోజుల్లో పోతే ఊరు పగలంతా ఖాళీగా కనిపిస్తుంది. దాన్ని చూసి పల్లె నిద్రపోతోందని రాసుకుపోయేవాళ్లున్నారు, ఊరంతా అడవిలో పని మీద ఉంటుంది.

జూన్ నడుమ నుంచి అక్టోబరు నడుమ దాకా మాత్రం చూడ్డానికని పోవద్దు. వాగు ఎలా వస్తుందో తెలిస్తే కారణం తెలుస్తుంది. మీరున్న చోట చినుకు లేకపోవచ్చు, ఎండే కాయవచ్చు. పైన అడవిలో రాత్రి దంచికొట్టిన వాన పొద్దున్నే ఇక్కడికి దిగుతుంది. ముందుగా నీళ్ల రంగు మారుతుంది, ఎర్రబడి నురగ కడుతుంది. ఆకులు, పుల్లలు, ఆ వెనక కొమ్మలు, మొద్దులు వస్తాయి. పుల్లలు రావడం మొదలైందంటే దిగినవాడు ఒడ్డెక్కాలి. పారే నీళ్లలో మోకాలి లోతు కూడా మనిషిని పడగొడుతుంది, ఎందుకంటే కాలికింది ఇసుక కూడా నీళ్లతోపాటు కదిలిపోతుంది. అడుగు లోతు ప్రవాహం చాలు చిన్న కారు చక్రాలు పట్టు తప్పడానికి. లోలెవల్ వంతెనల మీద జరిగే ప్రమాదాల్లో చాలావరకు ఇంతే. నీళ్ల కింద రోడ్డు ఉందనుకుంటారు, రాత్రికి రాత్రి అది కోతపడి ఉంటుంది.

దీవి కావడంలోనూ రెండు రకాలున్నాయి. వాగు ఒక్కటే పొంగితే గంటల్లో ఎక్కి, వాన తెరిపిస్తే ఒకటి రెండు రోజుల్లో దిగుతుంది. గోదావరి కూడా నిండుగా ఉంటే లెక్క వేరు. కలిసే చోట గోదారి నీళ్లు వాగులోకి వెనక్కి తంతాయి, పైనుంచి వచ్చే నీళ్లకు పోయే దారి మందగిస్తుంది. అందుకే ఇక్కడివాళ్లు ఆకాశంతోపాటు గోదావరి ఒడ్డునున్న రామన్నగూడెం పుష్కరఘాట్ నీటిమట్టాన్నీ గమనిస్తారు. అక్కడ 14.83 మీటర్లకు మొదటి ప్రమాద హెచ్చరిక, 15.83కు రెండోది, 17.33కు మూడోది. భద్రాచలం అడుగుల లెక్క టీవీలో రోజూ చూపిస్తారు, ఈ ప్రాంతానికి పనికొచ్చే ఈ అంకె మాత్రం లోపలి పేజీలోనే ఉండిపోతుంది.

2023 జులై 27న ఏం జరిగిందో గుర్తు చేసుకోవాలి. ఆ ఇరవై నాలుగు గంటల్లో ఇదే జిల్లా వెంకటాపూర్ మండలం లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్ల వాన కురిసింది. అంతకుముందు రాష్ట్ర రికార్డు 2013 జులైలో వాజేడులో పడ్డ 517.5 మిల్లీమీటర్లు. అదే వానకు జంపన్నవాగు కొండాయి మీదికి వచ్చింది. ఎనిమిది మంది కొట్టుకుపోయి చనిపోయారు. దొడ్ల, మల్యాల నడుమ వాగు మీదున్న వంతెన పోయింది. వరద దిగాక చేలల్లో మిగిలింది ఇసుక మేటలు. ఇసుక మేట వేసిన పొలంలో నాగలి దిగదు, నీళ్లు నిలవవు. ఆ ఇసుకను ట్రాక్టర్లతో ఎత్తిపోస్తేగానీ అది మళ్లీ పొలం కాదు, ఆ ఖర్చు చాలాసార్లు పంట విలువను మించిపోతుంది.

వంతెన పోయిందనగానే నాసిరకం పని అంటారు. అది ఒక కారణం కావచ్చుగానీ ఇలాంటి వాగుల మీద అసలు చిక్కు వేరే. అడుగున మందంగా ఇసుక ఉంటుంది. మామూలు రోజుల్లో గట్టిగా కనిపించే ఆ ఇసుక వరదలో పిల్లర్ల చుట్టూ సుడి తిరిగి లేచిపోతుంది. పునాది ఆ కోత లోతుకు కిందికి దిగకపోతే పిల్లరు గాల్లో నిలబడ్డట్టే. రెండోది, అడవి వాగు మొద్దులు తెస్తుంది. అవి ఖానాలకు, అంటే పిల్లర్ల నడుమ ఖాళీలకు, అడ్డంపడితే వంతెన కాస్తా ఆనకట్ట అవుతుంది. ఎగువన నీటిమట్టం పెరిగి, ఇరుపక్కలా మట్టి పోసి కట్టిన అప్రోచ్ రోడ్డు మొదట తెగుతుంది. ఇంకో ప్రమాదముంది. నీళ్లకు చాలినంత వెడల్పు ఖానాలు వదలకుండా అప్రోచ్ మట్టికట్టను మాత్రం ఎత్తుగా పోస్తే, వంతెన నిలుస్తుందిగానీ నీళ్లు ఊళ్లోకి మళ్లుతాయి. ‘హైలెవల్ వంతెన మంజూరు’ అని వార్త రాగానే సంబరపడకుండా ఊరివాళ్లు అడగాల్సినవి మూడు: ఎన్ని ఖానాలు, ఎంత వెడల్పు, ఏ సంవత్సరం వరద మట్టాన్ని చూసి ఎత్తు లెక్కగట్టారు. 2023కు ముందటి లెక్కలతో గీసిన డిజైనైతే అది మళ్లీ పోయే వంతెనే.

చుట్టూ అభయారణ్యం కదా, అటవీ అనుమతులు రావు అన్నది పాతకాలం జవాబు. వన్యప్రాణి చట్టం కింద తీసుకోవాల్సిన అనుమతులు ఉన్నమాట నిజమే. కానీ 2006 అటవీ హక్కుల చట్టం సెక్షన్ 3(2) ఊరి రోడ్డు, బడి, ఆసుపత్రి లాంటి పదమూడు రకాల పనులకు, ఒక్కోదానికి హెక్టారు లోపు అటవీ భూమిని మళ్లించడానికి వీలిచ్చింది. రెండు షరతులు: హెక్టారుకు 75 చెట్లకు మించి కొట్టకూడదు, గ్రామసభ సిఫారసు చేయాలి. ఊరు కూర్చుని తీర్మానం చేస్తే కదలాల్సిన ఫైలు ఇది. తీర్మానం కాగితం ఎవరి బల్ల దగ్గర ఎన్నాళ్లు ఆగిందో తేదీలు వేసి అడిగే అలవాటు మన దగ్గర తక్కువ.

వంతెన వచ్చేలోపు చేయగలిగినవి ఉన్నాయి. 2025 జూన్‌లో రాష్ట్రమంతటా మూడు నెలల రేషన్ ఒకేసారి ఇచ్చారు. ఇలాంటి ఊళ్లకు అది ఏటా జూన్ మొదటి వారంలోనే జరగాలి, అదీ బియ్యం ఒక్కటే కాక పప్పు, నూనె, ఉప్పు కూడా. జులై నుంచి సెప్టెంబరు లోపు కాన్పు తేదీ ఉన్న ఆడవాళ్ల జాబితా మే నెలలోనే తయారై, వాగుకు ఇవతల, రోడ్డు వైపు ఉండే ఏర్పాటు జరగాలి. పాముకాటు మందు, జ్వరం మందులు వాగుకు అవతల, ఊరి వైపు ఉండాలి. పడవ, లైఫ్ జాకెట్లు, తాడు ఊళ్లోనే ఉండాలి, వరద వచ్చాక మండల కేంద్రం నుంచి తేవడమంటే జరగని పని. వీటికి పెద్ద బడ్జెట్ అక్కర్లేదు. ఆ ఊరు దీవి అని కాగితం మీద ఒప్పుకుంటే చాలు, సగం పనులు వాటంతట అవే షెడ్యూలులోకి వస్తాయి.

ఈ బాధ ఒక్క కొండాయిదే అనుకోవద్దు. గోదావరి నడుమ మెరకలను జగిత్యాల వైపు కుర్రు అంటారు, కోస్తాలో లంక అన్నట్టు. ఎండాకాలం సాగుకు పోయినవాళ్లు వానకాలం అక్కడే చిక్కుకుంటారు. 2022 జులైలో రాయికల్ మండలం బోర్నపల్లి దగ్గర కుర్రులో తొమ్మిది మంది కూలీలు అలాగే ఇరుక్కుంటే బయటికి తెచ్చారు. ఒక చోట మనిషి నీళ్ల నడుమకు పోతాడు, ఇంకో చోట నీళ్లే మనిషి చుట్టూ తిరిగి వస్తాయి. రెండింటికీ కావాల్సిన ముందుచూపు ఒకటే.

చూడ్డానికి పోయేవాళ్లకు ఇంకొన్ని చిన్న సంగతులు. గోవిందరాజు గుడి దగ్గర చెప్పులు బయటే విప్పాలి, లోపలి ఫొటో వడ్డెలను (పూజారులను) అడగకుండా తీయొద్దు. మనుషుల ఫొటోలకూ అదే పద్ధతి, ముఖ్యంగా ఆడవాళ్లవి, పిల్లలవి. ‘అన్నా’, ‘అక్కా’, ‘పెద్దమనిషీ’ అని పలకరిస్తే మాట కలుస్తుంది. ఇప్పసారా ఎక్కడ దొరుకుతుందని మొదటి మాటే అడిగేవాళ్లను చూసి ఊరు విసిగిపోయి ఉంది. చీకటి పడకముందే రోడ్డెక్కాలి. దోమతెర, ఓడోమస్ మరవొద్దు, ఇది మలేరియా ఉన్న ప్రాంతం. ఫోన్ సిగ్నల్ మధ్యమధ్యలో పోతుంది కాబట్టి దారి ముందే గుర్తుపెట్టుకోవాలి. అన్నిటికన్నా ముందు, చిన్నబోయినపల్లి దగ్గర మళ్లేటప్పుడు ఏ కిరాణా కొట్టు ముందో బండి ఆపి ‘వాగు ఎట్లుందన్నా?’ అని అడగాలి. ‘ఇయ్యాల పోకున్రి’ అని జవాబొస్తే వెనక్కి తిరగాలి. లక్నవరం వచ్చిన దారిలోనే, అదే రోడ్డు నుంచి కాస్త లోపలికి ఉంది. వంతెన కూడా ఉంది.