మంత్రిగారి లాయరు ఫీజు ఎవరి జేబులోంచి?

2017 ఏప్రిల్‌లో ఢిల్లీలో బయటపడ్డ ఒక బిల్లు చాలామందికి గుర్తుండే ఉంటుంది. రిటైనరు (కేసు ఒప్పుకున్నందుకు ఇచ్చే ఫీజు) కోటి రూపాయలు, కోర్టుకొచ్చిన ప్రతిసారీ 22 లక్షలు, అంతా కలిపి మూడున్నర కోట్లకు కాస్త అటూ ఇటూ. పంపింది రామ్ జెఠ్మలానీ, క్లయింటు అప్పటి ముఖ్యమంత్రి కేజ్రీవాల్. ఢిల్లీ క్రికెట్ సంఘం వ్యవహారంలో తనమీద కేజ్రీవాల్ చేసిన ఆరోపణలకు అరుణ్ జైట్లీ పది కోట్ల పరువు నష్టం దావా వేశారు. ఆ బిల్లును ఖజానా నుంచి కట్టాలని ఉప ముఖ్యమంత్రి సిసోడియా ఫైలు కదిపారు. అది లెఫ్టినెంట్ గవర్నర్ దగ్గరికి వెళ్లాక గొడవ మొదలైంది. జెఠ్మలానీ మాత్రం, ఇవ్వలేకపోతే పేద క్లయింటు అనుకుని ఊరికే వాదిస్తానన్నారు! మరుసటి ఏప్రిల్‌లో కేజ్రీవాల్ క్షమాపణ చెప్పడంతో కేసు ముగిసింది.

అత్త సొమ్ము అల్లుడు దానం అని మనవాళ్లు ఊరికే అనలేదు. అయినా మంత్రుల కోర్టు ఖర్చు జనం అస్సలు భరించకూడదంటే నేను ఒప్పుకోను. ఫైలు మీద పెట్టిన సంతకానికి మంత్రిని కోర్టుకీడిస్తే, వాదించుకునే ఖర్చు ప్రభుత్వానిదే. లేదంటే డబ్బున్న ఏ కాంట్రాక్టరైనా నోటీసుల మీద నోటీసులు పంపి మంత్రిని బెదరగొట్టగలడు.

2012లో మన దగ్గరా ఈ తగువు నడిచింది. వైఎస్ హయాంలో ఇచ్చిన 26 జీవోల వ్యవహారంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ మంత్రులు ఆరుగురికి సుప్రీంకోర్టు నోటీసులిచ్చింది. వాళ్లకు న్యాయ సహాయం చేయాలని కిరణ్ కుమార్ రెడ్డి ప్రభుత్వం నిర్ణయిస్తే విమర్శలు బాగానే వచ్చాయి. నన్నడిగితే ఢిల్లీ బిల్లు కన్నా దీనికే సమర్థన ఎక్కువ. జీవో ఇవ్వడం ప్రభుత్వ పని, ప్రెస్‌మీట్‌లో ప్రత్యర్థిని తిట్టడం పార్టీ పని. కాకపోతే ఆ జీవో వెనక స్వార్థం ఉందని కోర్టు తేలిస్తే, ఖర్చుపెట్టిన ప్రతి రూపాయీ తిరిగి కట్టాలని ముందే రాయించుకోవాలి.

మంత్రే దావా వేస్తే? సొంత పరువు కోసం వేసుకున్నప్పుడు సొంత డబ్బే పెట్టుకోవాలి. వినడానికి తేలిగ్గానే ఉంది కదా. అసలు చిక్కు అక్కడే వచ్చిందని ఇక్కడ ఆస్ట్రేలియాలో చూశాం. 2021లో అటార్నీ జనరల్‌గా (ఇక్కడ అది మంత్రి పదవే) ఉండగానే క్రిస్టియన్ పోర్టర్ ఇక్కడి ప్రభుత్వ ప్రసార సంస్థ ఏబీసీ మీద పరువు నష్టం దావా వేశారు. తనమీద వచ్చిన ఆరోపణను ఆయన ఖండించారు, దావా మే నెలాఖరులో రాజీతో ముగిసింది. సెప్టెంబరులో పార్లమెంటుకు ఆస్తిపాస్తుల వివరాలు సవరించి ఇస్తూ, లాయర్ల ఫీజులో కొంత ఒక బ్లైండ్ ట్రస్టు ఇచ్చిందని రాశారు. అందులో డబ్బు ఎవరు వేశారో తనకే తెలియదట! దుమారం రేగింది, కొద్ది రోజులకే మంత్రి పదవి వదులుకున్నారు. విషయాన్ని పార్లమెంటు సభ్యుల నడవడిని విచారించే ప్రివిలేజెస్ కమిటీకి పంపే తీర్మానానికి స్పీకర్ సుముఖంగానే ఉన్నా, ప్రభుత్వ పక్షం 52-49 ఓట్లతో ఓడించింది.

ఇందులో ప్రజల సొమ్ము ప్రమేయం లేదు. అయినా నాకు ఢిల్లీ బిల్లు కన్నా ఇదే ఎక్కువ భయం పుట్టించింది. ఖజానా బిల్లుకు ఫైలు ఉంటుంది, అంకె ఉంటుంది, అడ్డుపడే గవర్నరో ఆడిటరో ఉంటారు. పేరు తెలియని దాత ఇచ్చిన దానికి ఏముంది? తనకు తెలియదని మంత్రి అన్నా, ఇచ్చినవాడికైతే తెలుసు. రేపు వాడి పని ఏ శాఖలోనో పడినప్పుడు గుర్తు చేయకుండా ఉంటాడా?

పార్టీల మీద అభిమానం మనకు సముద్రాలు దాటినా తగ్గలేదు. కాబట్టి రేపెప్పుడైనా మన వాట్సాప్ గ్రూపులో ‘అన్న కేసు ఖర్చులకి’ అని ఎవరైనా లింకు పెడితే, డబ్బు పంపే ముందు మూడు విషయాలు అడగండి: ఆ ఖాతా ఎవరి పేరు మీద ఉంది, ఇచ్చినవాళ్ల జాబితా బయటపెడతారా, మిగిలిన డబ్బు ఎక్కడికి పోతుంది?